ఇంటి పత్రాల్లో ‘రాంచో’ అని ఎందుకు ఉంటుంది? ఆ వేల ఎకరాలు పాత యజమానుల చేతుల్లోంచి ఎలా పోయాయి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు మళ్లీ చెప్తాను. కాలిఫోర్నియాలోని మిల్పితాస్‌లో ఇల్లు కొంటున్నారు. పత్రాల్లో స్థలం వివరం దగ్గర ‘రాంచో మిల్పితాస్‌లో ఒక భాగం’ అని కనిపించింది. రాంచో అంటే స్పెయిన్, మెక్సికో పాలనల్లో ఒక కుటుంబానికి దక్కిన పెద్ద పశువుల భూమి. ఆ రాంచో వారసులు రేపు వచ్చి హక్కు అడిగే ప్రమాదం ఉందా అన్నది మొదటి సందేహం. కాలిఫోర్నియా మెక్సికో నుంచి అమెరికా చేతికి వచ్చినప్పుడు ఆస్తులను కాపాడతామని ఒప్పందంలో రాసి ఇచ్చాక కూడా, వేల ఎకరాలున్న మెక్సికన్ కుటుంబాలు ఒక్క తరంలో ఎలా చితికిపోయాయన్నది రెండోది.

మీ ఇంటికి ప్రమాదం లేదు. దాని సంగతి చివర్లో చెప్తాను. రెండో ప్రశ్నకు నా సమాధానం ఇది: వాళ్లలో ఎక్కువమంది కేసు గెలిచారు. గెలిచేలోపు భూమి కరిగిపోయింది. సొంత భూమి తమదేనని నిరూపించుకునే భారం యజమానుల మీదే పడింది. ఆ నిరూపణకు సగటున పదిహేడేళ్లు పట్టింది. అన్నాళ్లూ లాయర్లకూ పన్నులకూ వడ్డీలకూ చెల్లించడానికి వాళ్ల దగ్గర భూమి తప్ప మరేమీ లేదు.

నేను మొదట గుంటూరు జిల్లాలో భూమి కొలతల పనిలో ఉండేవాణ్ణి. తరువాత ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్లు ఇళ్ల స్థలాల హక్కు పత్రాలు వెనక్కి వెనక్కి తవ్వి చూసే ఉద్యోగం చేశాను. శాన్‌హోసే, ఫ్రీమాంట్, ఓక్లండ్ చుట్టుపక్కల ఏ స్థలం పత్రాలు తిరగేసినా చాలాసార్లు ఒకే చోట ఆగుతాయి. అది 1860లలోనో 1870లలోనో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన పేటెంట్, అంటే తుది పట్టా. దాని వెనక ఏముందో చూడాల్సిన అవసరం ఉద్యోగరీత్యా నాకు లేదు. కానీ గొలుసు పట్టుకుని పొలాల్లో తిరిగిన మనిషిని కనుక చూడకుండా ఉండలేకపోయాను.

ముందు ఈ భూములు ఎలా వచ్చాయో చూద్దాం. స్పెయిన్ పాలనలో 1784లో మొదటి రాంచోలు కొద్దిమంది పాత సైనికులకు దక్కాయి. లాస్ ఏంజలెస్ వైపు దొమింగెస్, వెర్దుగో, నియెతో కుటుంబాలు అలా మొదలైనవే. 1821లో మెక్సికో స్వతంత్రమైంది. 1824 చట్టం, 1828 నియమాలు వచ్చాక గవర్నర్లు భూమిని విరివిగా ఇచ్చారు. ఒకరికి గరిష్ఠంగా పదకొండు చదరపు లీగులు, అంటే 48 వేల ఎకరాల పైచిలుకు. 1834 నుంచి మిషన్ల, అంటే స్పానిష్ క్రైస్తవ మత కేంద్రాల, భూములు విడదీయడంతో అసలు పంపకం మొదలైంది. ఆ మిషన్ భూముల్లో సగం అక్కడి ఆదివాసులకు చెందాలని గవర్నర్ ఫిగెరోవా ఉత్తర్వు చెప్పింది. వాళ్లకు దక్కి నిలిచింది చాలా తక్కువ. రాంచోలలో పశువులు కాసిందీ, కొవ్వు కాచిందీ, గోడలకు మట్టి ఇటుకలు కోసిందీ ఆ ఆదివాసులే. ఈ విషయం ముందే చెప్పకపోతే తరువాత చెప్పబోయే అన్యాయం సగమే అర్థమవుతుంది.

భూమి కావలసినవాడు అర్జీతో పాటు ‘దిసెన్యో’ అనే చేతిగీత పటం ఇవ్వాలి. బర్కిలీలోని బాంక్రాఫ్ట్ లైబ్రరీలో వీటిని చాలా చూశాను. కాగితం మీద సిరాతో వాగు ఒక గీత, కొండలు వరుసగా పేర్చిన గుడ్డుపెంకుల్లా, ఒక మూల చెట్టు బొమ్మ, పక్కన ‘ఓక్ చెట్టు’ అని స్పానిష్‌లో రాత. కొన్నిటికి నీటిరంగులు పలచగా పూసి ఉంటాయి. స్కేలు ఉండదు, లేదా పేరుకు ఒక గీత ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు పల్లెటూళ్లో పెద్దవాళ్లు పుల్లతో నేల మీద గీసి చూపించే పొలం హద్దులే గుర్తొచ్చాయి. ఇరుగుపొరుగుకు ఆ చెట్టు తెలుసు, ఆ వాగు తెలుసు. ఎవరికీ పేచీ లేదు.

కొలత కూడా అలాంటిదే. అల్కాల్దే, అంటే ఊరి న్యాయాధికారి, సాక్షులను వెంటబెట్టుకుని వచ్చేవాడు. యాభై ‘వారా’ల పొడవున్న తోలుతాడుకు రెండు కొసలా గూటాలు కట్టి ఇద్దరు రౌతులకు ఇచ్చేవారు. వారా అంటే సుమారు 33 అంగుళాలు. ఒకడు గూటం పాతి నిలబడితే రెండోవాడు తాడు సాగినంత దూరం గుర్రాన్ని పరిగెత్తించి తన గూటం పాతేవాడు. అలా వంద తాళ్లైతే ఒక లీగు. పొద్దున మంచుకు తడిసిన తోలు సాగుతుంది, మధ్యాహ్నం ఎండకు బిగుసుకుంటుంది. ఇనుప గొలుసే ఎండకు వ్యాకోచిస్తుందని లెక్క సరిచేసుకునేవాళ్లం మేము. అక్కడ ఆ లెక్కే లేదు. అందుకే పత్రాల్లో ‘కొంచెం అటూ ఇటూ’ అని రాసేవారు. కొలత అయ్యాక యజమాని గడ్డి పీకి, కొమ్మ విరిచి, మట్టి నాలుగు దిక్కులకూ విసిరేవాడు. దానితో భూమి అతని స్వాధీనమైనట్టు.

నలుగురైదుగురు పొరుగువాళ్లూ, లెక్కలేనన్ని పశువులూ, నోటిమాట మీద నడిచే సమాజమూ ఉన్నంతకాలం ఈ పద్ధతి పనిచేసింది.

1848 ఫిబ్రవరి 2న, అమెరికా-మెక్సికో యుద్ధాన్ని ముగిస్తూ, గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందం జరిగింది. కాలిఫోర్నియా అమెరికాది అయింది. అంతకు తొమ్మిది రోజుల ముందే, జనవరి 24న, సట్టర్ మిల్లు దగ్గర బంగారం కనిపించింది. ఒప్పందం ఎనిమిదో అధికరణంలో మెక్సికన్ల ఆస్తులను గౌరవిస్తామని ఉంది. భూదానపత్రాల గురించి విడిగా హామీ ఇచ్చిన పదో అధికరణాన్ని మాత్రం అమెరికా సెనేట్ కొట్టేసింది. సక్రమమైన పత్రాలకు విలువ తగ్గదని ఆ మే నెలలో మెక్సికోలోని కెరెతారోలో మరో పత్రం మీద సంతకాలు చేశారు. హామీలకు కొదవ లేదు.

అసలు మలుపు 1851 మార్చి 3న వచ్చింది. సెనేటర్ విలియం గ్విన్ తెచ్చిన భూమి చట్టం ప్రకారం స్పానిష్, మెక్సికన్ పత్రం మీద హక్కున్న ప్రతివాడూ ముగ్గురు కమిషనర్ల ముందు రెండేళ్లలోపు దావా వేసి రుజువు చేసుకోవాలి. వేయనివాడి భూమి ప్రభుత్వానిదైపోతుంది. ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించండి. ముప్పై ఏళ్లుగా ఇల్లు కట్టుకుని, పశువులు మేపుకుంటూ, పిల్లల పెళ్లిళ్లు చేసుకుంటూ ఉన్న భూమి. దాని మీద ఎవరూ తగాదా పెట్టలేదు. అయినా సరే మీరే కోర్టుకెళ్లి, మీకు రాని భాషలో, మీకు తెలియని చట్టం కింద, అది మీదేనని నిరూపించుకోవాలి. ఇన్నేళ్ల నా అనుభవంలో చెప్తున్నాను: భూమి వ్యవహారంలో రుజువు భారం ఎవరి మీద ఉందో చూస్తే చాలు, చివరికి ఎవరు నష్టపోతారో తెలిసిపోతుంది.

చట్టాన్ని సమర్థించినవాళ్లకు ఒక కారణం ఉండింది. దొంగ పత్రాలు నిజంగానే పుట్టుకొచ్చాయి. హోసే లిమాంతూర్ అనే వ్యాపారి శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోనే పెద్ద భాగం తనదన్నాడు. కమిషన్ ఒప్పుకుంది కూడా. చివరికి 1858లో జిల్లా కోర్టు అవన్నీ నకిలీలని తేల్చింది. మీ మిల్పితాస్‌లో దొంగతనం లేకపోయినా గందరగోళం ఉండింది. ఆ భూమిని హోసే మరియా అల్వీసోకు 1835లో గవర్నర్ ఇచ్చాడు. అంతకు ముందే శాన్‌హోసే అల్కాల్దే అదే భూమిని నికోలాస్ బెర్రెయేసాకు ఇచ్చి ఉన్నాడు. రాంచో ఇచ్చే అధికారం అల్కాల్దేకు లేదు. బెర్రెయేసా దావా నిలవలేదు. కాబట్టి ఏదో ఒక విచారణ జరగాల్సిందే. కాకపోతే అనుమానం ఉన్నవాటినే విచారించి, మిగతా వాటిని అలాగే గుర్తించే దారి కూడా ఉంది. ఒప్పందాన్ని గౌరవించాలంటే అదే సరైన దారి అని నా గట్టి అభిప్రాయం.

కమిషన్ 1852 నుంచి 1856 దాకా శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుంది. లాస్ ఏంజలెస్‌లో ఒకే ఒక్కసారి కొద్దికాలం విచారణ జరిపింది. వచ్చిన దావాలు 813. వాటిలో 600 పైచిలుకు చివరికి గెలిచాయి. కానీ కమిషన్ దగ్గర గెలవడం మొదటి మెట్టు మాత్రమే. 1852 ఆగస్టులో వచ్చిన సవరణతో కేసు దానంతట అదే జిల్లా కోర్టుకు అప్పీలుగా వెళ్లేది. అక్కడి నుంచి వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టుకు. అదీ గెలిస్తే సర్వే. అప్పుడు ఆ దిసెన్యో మీది ఓక్ చెట్టు ఎక్కడని మళ్లీ పేచీ. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన సామెత. కాలిఫోర్నియోలకు, అంటే ఇక్కడి ఆ పాత మెక్సికన్ కుటుంబాలకు, అది అక్షరాలా జరిగింది. మీ రాంచోకు పేటెంట్ వచ్చింది 1871లో.

ఈలోపు భూమి ఖాళీగా ఉండలేదు. బంగారం కోసం వచ్చి, దొరకక, పొలం కావాలనుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. పట్టా రాని భూమి ప్రభుత్వ భూమే అని వాళ్ల నమ్మకం. కుటుంబానికి 160 ఎకరాలు తీసుకోవచ్చనే చట్టాన్ని 1853లో కాలిఫోర్నియాకు విస్తరించడంతో ఆ నమ్మకం ఇంకా బలపడింది. పెరాల్టా కుటుంబం సంగతి చూడండి. లూయిస్ మరియా పెరాల్టాకు 1820లో రాంచో శాన్ ఆంటోనియో దక్కింది, 44,800 ఎకరాలు. ఈనాటి ఓక్లండ్, బర్కిలీ, అలమీడా అన్నీ అందులోవే. 1842లో నలుగురు కొడుకులకు పంచాడు. 1850లో హొరేస్ కార్పెంటియర్ మరో ఇద్దరితో వచ్చి విసెంతే పెరాల్టా భూమి మీద దిగాడు. స్థలాలు గీసి అమ్మాడు. 1852లో అక్కడ ఓక్లండ్ అనే ఊరిని చట్టబద్ధంగా నమోదు చేయించాడు. అప్పటికి కమిషన్ పెరాల్టాల కేసు ఇంకా తేల్చలేదు. పెరాల్టాల పశువులను కోసి మాంసం అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. 1853 నాటికే విసెంతే, దొమింగో తమ వాటాల్లో చాలా భాగం అమ్మేశారు. 1856లో సుప్రీంకోర్టు పెరాల్టాలదే హక్కు అంది. ఓక్లండ్ వైపు భూములకు పేటెంట్లు 1874లో, 1877లో వచ్చాయి. ఓక్లండ్ పత్రాలు చూసేటప్పుడు ఆ రెండు తేదీల దగ్గర నా వేలు ప్రతిసారీ ఆగేది. ఊరు పుట్టిన పాతికేళ్లకు గానీ ఆ నేల అసలు యజమానికి పట్టా రాలేదు.

డబ్బు విషయం ఇంకా దారుణం. రాంచెరోకు, అంటే రాంచో యజమానికి, భూమీ పశువులూ ఉండేవి, చేతిలో నగదు ఉండేది కాదు. గోల్డ్ రష్‌కు ముందు పశువు విలువంటే దాని తోలూ కొవ్వూ విలువే, ఒకటి రెండు డాలర్లు. 1849 తరువాత గనుల దగ్గర మాంసానికి గిరాకీ పెరిగి పశువు ధర యాభై డాలర్లు దాటింది. ఆ రోజుల్లో వెండి జీనులు, పట్టు శాలువలు కొన్నారని వాళ్లను తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. ధర అలాగే ఉంటుందనుకోవడం ఒక్క రాంచెరోలే చేసిన పొరపాటు కాదు. 1855 తరువాత ధరలు పడిపోయాయి. 1861-62 చలికాలంలో వరదలు ముంచెత్తాయి. ఆ వెంటనే 1864 దాకా వానలు లేవు. దక్షిణ కాలిఫోర్నియాలో పశువులు మందలకు మందలు చచ్చాయి. పన్ను మాత్రం భూమి మీద ఏటా కట్టాల్సిందే.

అప్పుడు అప్పు చేశారు. హూలియో వెర్దుగో కథ నేను కొత్తగా పనిలో చేరినవాళ్లకు కాగితం మీద లెక్క వేసి చూపించేవాణ్ణి. ఇప్పటి గ్లెండేల్ ఉన్న రాంచో శాన్ రఫేల్ అతనిది, 36 వేల ఎకరాలు. 1861లో దాన్ని తాకట్టు పెట్టి 3,445 డాలర్లు తెచ్చాడు. నెలకు నూటికి మూడు, అంటే మన లెక్కలో మూడు రూపాయల వడ్డీ. దానికి చక్రవడ్డీ. నూటికి మూడు చొప్పున చక్రవడ్డీ నడిస్తే రెండేళ్లకు అసలు రెట్టింపవుతుంది. రెండేళ్లకు ఏడు వేలు, నాలుగేళ్లకు పద్నాలుగు, ఆరేళ్లకు దాదాపు ఇరవై తొమ్మిది, ఎనిమిదేళ్లకు యాభై ఎనిమిది వేల పైచిలుకు. 1870 నాటికి బాకీ 58,750 డాలర్లని లెక్కకట్టారు. భూమి వేలానికి పోయింది. 1871లో కోర్టు ఆ రాంచోను 28 మందికి ముక్కలు చేసి పంచింది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఎకరాలు పోగొట్టుకున్న రైతు ఇళ్లు నేను గుంటూరు జిల్లాలో చూశాను కనుక ఈ అంకెలు నాకు కొత్తగా అనిపించలేదు. వాన పడితే తీరుస్తాననే నమ్మకంతో చేసిన అప్పు అది.

ముక్కలు చేసి పంచడం కూడా ఒక ఆయుధమే. మెక్సికన్ పద్ధతిలో పిల్లలందరికీ ఆస్తిలో వాటా ఉంటుంది, కూతుళ్లకు కూడా. భూమిని మాత్రం విడగొట్టకుండా అందరూ కలిసి వాడుకునేవారు. అవసరంలో ఉన్న ఒక వారసుడి వాటాను బయటివాడు కొంటే, పంపకం చేయమని కోర్టుకెళ్లే హక్కు అతనికి వచ్చేది. అప్పుడు సర్వే ఖర్చు, లాయరు ఖర్చు, కమిషనర్ల ఖర్చు అన్నీ ఆ భూమి మీదే. లాయర్లు చాలాసార్లు ఫీజును భూమిలోనే తీసుకునేవారు, మూడో వంతో సగమో. ఫీజు కింద పుచ్చుకున్న ఆ వాటాలు చేతులు మారిన పత్రాలు నేను బోలెడు చూశాను.

కేసే ఓడిపోయినవాళ్లూ ఉన్నారు. మరియానో గ్వాదలూపే వయేహో అమెరికా పాలన రావాలని కోరుకున్న మనిషి. కాలిఫోర్నియా రాజ్యాంగం రాసిన 1849 సభలో సభ్యుడు. అతని సుస్కోల్ రాంచో, 80 వేల ఎకరాలకు పైన, 1862లో సుప్రీంకోర్టులో పోయింది. అప్పటికే అతని దగ్గర కొన్నవాళ్లు ఇబ్బంది పడకుండా, ఎకరం డాలరుంపావుకు మళ్లీ ప్రభుత్వం దగ్గర కొనుక్కునేలా 1863లో ప్రత్యేక చట్టం చేశారు. కొన్నవాళ్లను ఆదుకున్న చట్టం అమ్మినవాణ్ణి ఆదుకోలేదు. 1890లో చనిపోయేనాటికి వయేహోకు మిగిలింది సొనోమాలో ఇల్లు, కొన్ని వందల ఎకరాలు.

చివరి మెక్సికన్ గవర్నర్ పియో పీకో 1883లో అప్పు పత్రమనుకుని ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. అది అమ్మకం పత్రం. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. కోర్టులో ఓడాక, అవతలివాళ్ల సాక్షి డబ్బు తీసుకుని అబద్ధం చెప్పాడన్న వాదనతో మళ్లీ వెళ్లాడు. దొంగ సాక్ష్యం చెప్పారన్నంత మాత్రాన ముగిసిన కేసును తిరగదోడలేమని 1891లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్ల తరువాత, తొంభై దాటిన వయసులో, చేతిలో ఏమీ లేకుండా పోయాడు. మీ ఇల్లు రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు ప్రతి కాగితం చదివే సంతకం పెట్టండి. ఎవరు తొందరపెట్టినా సరే.

అందరూ పోగొట్టుకోలేదని కూడా చెప్పాలి. హువానా బ్రియోనెస్‌కు చదువు రాదు, సంతకం బదులు గుర్తు పెట్టేది. ఇప్పటి లాస్ ఆల్టోస్ హిల్స్ ప్రాంతంలో 4,400 ఎకరాల రాంచోను 1844లో ఒక ఆదివాసి కుటుంబం దగ్గర కొంది. మంచి లాయర్లను పట్టుకుంది, పత్రాలు జాగ్రత్త చేసుకుంది, కేసు గెలిచింది, పిల్లలకు భూమి ఇచ్చింది. శాన్ పెద్రో రాంచో దొమింగెస్ కుటుంబం 1858లోనే పేటెంట్ తెచ్చుకుంది, అంటే మిగతావాళ్ల కంటే పది పదిహేనేళ్లు ముందు. వాళ్ల భూమిలో పెద్ద భాగం నిలిచింది. దొమింగెస్ కుటుంబాన్ని మిగతావాళ్లతో పోల్చి చూస్తే, కాలం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

దావా వేయనివాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. శాన్ డియెగో వెనక కొండల్లో కూపా వేడినీటి బుగ్గల దగ్గర కుపెన్యో ఆదివాసులు రాంచోలకంటే, మిషన్లకంటే ముందు నుంచీ ఉన్నారు. ఆ భూమి 1844లో వార్నర్ అనే అతనికి రాంచోగా వెళ్లింది. 1851 చట్టం కింద దావా వేయాలని కుపెన్యోలకు చెప్పినవాళ్లు లేరు. గడువులోపు వేయలేదు కాబట్టి హక్కు లేదని 1901లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1903 మేలో వాళ్లను బళ్ల మీద పాలా లోయకు తరలించారు. రాంచెరోలను ముంచిన చట్టమే వాళ్లకంటే ముందు భూమి పోగొట్టుకున్నవాళ్లను రెండోసారి ముంచింది. రాంచెరోల మీద జాలిపడేటప్పుడు నేను ఈ తీర్పును మర్చిపోను.

ఇక మీ ఇల్లు. ‘రాంచో మిల్పితాస్‌లో ఒక భాగం’ అన్నది స్థలం ఎక్కడుందో చెప్పే గుర్తు. మన పత్రాల్లో గ్రామం పేరు, సర్వే నంబరు రాసినట్టే అనుకోండి. 1871 పేటెంట్‌తో ప్రభుత్వానికీ ఆ భూమికీ మధ్య తగాదా ముగిసింది. ఆ తరువాతి వారసుల పంపకాలకు కూడా కాలపరిమితులు ఎప్పుడో దాటిపోయాయి. అందువల్ల దాని గురించి భయం వద్దు. మీరు చూడాల్సింది టైటిల్ ఇన్సూరెన్స్, అంటే హక్కు పత్రాల్లో లోపాలకు చేయించే బీమా, నివేదికలో ‘మినహాయింపులు’ అనే పేజీ. పైపులకూ కరెంటు తీగలకూ దారి ఇచ్చిన హక్కులు, పాత అప్పులు, కాలనీ షరతులు అందులోనే ఉంటాయి. నా దగ్గరికి వచ్చిన అసలు ఇబ్బందులన్నీ ఆ పేజీలోవే. ఒకసారి ఒక తెలుగు దంపతులు పెరటిలో గది కట్టడం మొదలుపెట్టాక, కింద మురుగు పైపుకు దారి హక్కు ఉందని బయటపడింది. ఆ పేజీలో అది స్పష్టంగా రాసే ఉంది.

తీరిక దొరికితే మీ ఊళ్లోనే ఉన్న అల్వీసో అడోబీ ఇంటిని చూసి రండి. 1830లలో కట్టిన మట్టి ఇటుకల ఇల్లు అది, ఇంకా నిలబడే ఉంది. ఆ తరువాత బాంక్రాఫ్ట్ లైబ్రరీ వాళ్ల దిసెన్యోలు చూడండి, చాలావాటిని కంప్యూటర్‌లోనే చూడవచ్చు. వాటి మీది వాగుల్లో కొన్ని ఇప్పటికీ పారుతున్నాయి. ఒక వాగు పట్టుకుని నడిస్తే హద్దు ఎటు పోయిందో మీకే తెలుస్తుంది.